వస ఎవరికి పోయాలి

మొన్న మదనపల్లెలో మా తోడికోడలి మనవడికి వస పోస్తున్నారంటే వెళ్ళాను. సానరాయి మీద వసకొమ్ము అరగదీస్తున్న ఘాటు వాసన గుమ్మంలోనే తగిలింది. పసిబిడ్డ నాలుకకు అది రాస్తే మాటలు గలగలా వస్తాయని మనవాళ్ళ నమ్మకం. అందరూ నవ్వుతున్నారు. నేను మాత్రం తలనొప్పి అని అబద్ధమాడి బయటికొచ్చేశాను. నలభై ఏళ్ళు దాటినా ఆ వాసన మీద నా కోపం పోలేదు. ఆ కోపాన్ని ఎవరి మీద చూపాలో నాకు నేర్పిన మనిషి ఒకరున్నారు. ఆమె గురించి రాయాలనిపించింది.

ఎనభైల మొదట్లో నేను పుంగనూరులో ఒక ఆఫీసులో టైపిస్టుని. మా ఆయనకూ అక్కడే ఉద్యోగం. మా అమ్మాయి గిరిజకు ఐదేళ్ళు. మాట లేదు. పిలిస్తే తిరగదు, ముఖంలోకి చూడదు, ఒక్కచోట నిలవదు. తలుపు తీసి ఉంటే చాలు, వీధి చివరికి పరుగు. చూసినవాళ్ళంతా అడిగేది ఒక్కటే: "బిడ్డకు వస పోయలేదా నువ్వు?" పోశాను. అది చాల్లేదని మా అత్తగారు కుప్పం నుంచి వచ్చి మూడు వారాలపాటు రోజూ పోసింది. పిల్ల నోరు పొక్కిపోయింది. తిన్నదంతా కక్కేది. అది తన్నుకోకుండా కాళ్ళు పట్టుకున్నది ఎవరనుకున్నారు? నేనే.

మేము అద్దెకున్న ఇంటి యజమానురాలు రహమత్ బీ. అందరికీ బూబమ్మ. ముందుగదిలో కుట్టుమిషను పెట్టుకుని రవికలు కుట్టేది. ఆమె నోటికి జడవనివాళ్ళు ఆ వీధిలో లేరు. కొళాయి దగ్గరికి ఆమె బిందె వస్తే మిగతా బిందెలు వాటంతటవే పక్కకు జరిగేవి. గిరిజ ఆ మిషను చక్రం ముందు గంటలకొద్దీ కూర్చునేది. "మన ముఖం చూడదు బూబమ్మా, చక్రాన్ని మాత్రం చూస్తుంది" అని నేను వాపోతే, దారం పంటితో తెంపి, "నా ముకంలో ఏముండాదమ్మా సూసేదానికి? సక్రం బాగుండాది, సూస్తాంది. సూడనీ" అంది. పిల్ల గడ్డం పట్టుకుని "ఇటు చూడు" అని తిప్పని మొదటి మనిషి ఆమె. వీధి తలుపుకు గజ్జెలు కట్టింది కూడా ఆమే. అవి మోగితే మిషను ఆపి నాకంటే ముందు తనే పరుగెత్తేది.

ఆ ఏడాదే బెంగుళూరులో ఒక పెద్ద డాక్టరుకు చూపించాం. ఆటిజం అన్నాడు. దానికి తోడు హైపర్ యాక్టివ్ అన్నాడు. ఆ మాటలు మేమెన్నడూ విన్నవి కావు. మందు లేదని చెప్పి, కళ్ళజోడు పైనుంచి నన్ను చూసి, "మీరు ఉద్యోగం చేస్తారా? తల్లి ప్రేమ చాలకపోతే పిల్లలు ఇలా అవుతారు" అన్నాడు. పక్కనే కూర్చున్న మా ఆయనను ఉద్యోగం గురించి ఒక్క ముక్క అడగలేదు! పలమనేరు దాకా బస్సులో ఏడుస్తూనే ఉన్నాను.

బూబమ్మ అంతా విని, "బిడ్డను ఎంతసేపు సూసినాడు?" అంది.

"పది నిమిషాలు."

"నేను రెండేండ్లుగా సూస్తాండా. నీకు ప్రేమ తక్కువని నాకు కనపడలేదే, ఆ అద్దాలాయనకు కనపడిందా? ఉద్యోగం మానబాకమ్మా. నువ్వు ఆపీసుకు పో, బిడ్డ ఈడుంటాది."

మరుసటి వేసవిలో మా అత్తగారి దగ్గరినుంచి కబురొచ్చింది. రామకుప్పం వైపు వాతలు పెట్టే మనిషి ఉన్నాడట. నుదుటి మీద, మెడ వెనక కాల్చితే మాట వస్తుందట. ఆదివారం పిల్లను తీసుకుని రమ్మంది. "అమ్మ మాట కాదనలేం" అన్నాడు మా ఆయన. బూబమ్మకు చెబితే మిషను ఆపేసింది.

"నువ్వేమన్నావు?"

"నేనేమంటాను బూబమ్మా?"

అంతే, లేచి నిలబడింది. ఆ రోజు ఆమె తిట్టినట్టు నన్ను కన్నతల్లి కూడా తిట్టలేదు. "బిడ్డకు మాట రాదు, సరే! నీకేమొచ్చింది రోగం? నోరుండాది, నాలికుండాది, యాల మాట్లాడవు? మీయమ్మ నీకు పోయలేదా వస?"

సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. ఐదేళ్ళుగా అందరూ నా బిడ్డ నోటి గురించి అడిగారు. నా నోరు ఏమైందని ఎవరూ అడగలేదు. నాకూ తోచలేదు.

కుప్పం వెళ్ళేసరికి ఆ మనిషి వసారాలో సిద్ధంగా కూర్చుని ఉన్నాడు. కుంపట్లో ఇనుప కడ్డీ ఎర్రగా కాలుతోంది. "కాళ్ళు పట్టుకో" అంది అత్తగారు.

"పట్టుకోను" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "నా బిడ్డను కాల్చేవాళ్ళెవరో ముందుకు రండి, సూస్తాను!"

ఎవరూ రాలేదు. కుంపటి ఎత్తుకెళ్ళి నీళ్ళ తొట్టిలో బోర్లించాను. అత్తగారు శాపనార్థాలు పెట్టింది. మా ఆయన నేలచూపులు చూశాడు, కానీ బస్టాండు దాకా మా వెనకే వచ్చి బస్సెక్కాడు. బూబమ్మ మెచ్చుకుంటుందని ఆశపడ్డాను. "బిడ్డ తినిందా?" అని మాత్రం అడిగింది.

బూబమ్మ పోయి చాలా ఏళ్ళయింది. గిరిజకు నలభై ఐదు దాటాయి. మాట రానేలేదు. పోయిన వారం పంటి నొప్పికి ఆసుపత్రికి తీసుకెళ్తే, కుర్ర డాక్టరు దాని నెత్తి మీదుగా నన్ను చూసి, "ఈమెకు ఏమైనా అర్థమవుతుందా అండీ?" అన్నాడు.

"ఆమె పేరు గిరిజ. పంటి నొప్పి ఆమెది. ముందు ఆమెతో మాట్లాడు బాబూ, తర్వాత నాతో" అన్నాను. గదిలో ఉన్నవాళ్ళంతా తిరిగి చూసేంత గట్టిగానే అన్నాను.

అతను కంగారుపడి లేచి, "గిరిజగారూ, కూర్చోండి" అన్నాడు.

గిరిజ కూర్చోలేదు. అది ఆమె ఇష్టం.