ఏడు చోట్ల మట్టి

మాచర్ల నుంచి నరసరావుపేట వచ్చే బస్సులో నా పక్కన ఒకామె ఒళ్లో గుడ్డసంచి పెట్టుకుని కూర్చుంది. అందులో ఏముందని అడిగితే, పరీక్షకిచ్చే పొలం మట్టి అంది. నేను పనిచేసేది నరసరావుపేటలో మట్టి పరీక్షలు చేసే ల్యాబులోనే అని చెప్పాను.

“మట్టినేం జేస్తారక్కా?”

“నీడలో ఆరబెట్టి, చెక్కసుత్తితో నలగ్గొట్టి, జల్లెడ పడతాం. ఆపైన మందులు కలిపి, నేలకు ఏం తక్కువైందో చూస్తాం.”

ఆమె గొంతు తగ్గించి అడిగింది.

“చేలో ఎనిమిది చోట్ల తవ్వి కలపమన్నారు. నేను ఏడు చోట్లే తవ్వా. ఎనిమిదోది మా పాపను పూడ్చిపెట్టిన మూల. నాలుగు నెలల పిల్ల. అక్కడ పార ఎయ్యటానికి చేతులు రాలేదక్కా. రిపోర్టు తప్పొచ్చిద్దా?”

“రాదమ్మా,” అన్నాను.

రెండు రోజులకు ఆ మట్టి నా బల్ల మీదికి వచ్చింది. నత్రజని తక్కువ, పొటాష్ సరిపడా ఉంది. ఆ చుట్టుపక్కల పొలాలకు మామూలుగా వచ్చే ఫలితమే.

ఇప్పుడు రైతులకు మట్టి తీసే పద్ధతి చెప్పేటప్పుడు, “తవ్వబుద్ధి కాని చోటుంటే వదిలేయండి” అని కూడా అంటాను. ఎందుకని ఇంతవరకూ ఎవరూ అడగలేదు.