చక్రవర్తి పుట్టినరోజు

నవంబరు మూడున విశాఖ రేవులో ఒక జపాను ఓడ జెండాలెత్తి నిలిచింది. గతించిన చక్రవర్తి పుట్టినరోజును నేటికీ సెలవుగా పాటిస్తామని దాని ఇంజనీరు చెప్పాడు. ఆ తెల్లని గుడ్డ, నడుమ ఎర్రని బింబం చూడగానే నాకు మా పల్లెకారుల ఊరు అక్కుపల్లి కళ్ళముందు నిలిచింది.

ఆ చక్రవర్తి జీవించి ఉండగా మా మేనమామ రంగూనులో, మావాళ్ళ మాటలో రంగంలో, ఒక జపాను వర్తకుడి కొట్లో పనిచేసి వచ్చాడు. ఆ ఏడు అదే రోజున పంచె ముక్క మీద కుంకుమతో బింబం దిద్ది, వెదురుగడకు కట్టి వాకిట్లో పాతాడు.

“ఇయ్యాల ఆల రాజు పుట్టిన్రోజురా అల్లుడా. రంగంలో మాకు సెలవిచ్చీవోరు. నాను యేటకెల్లను,” అన్నాడు.

మధ్యాహ్నం ఈదురుగాలికి, చేపల వేటకెళ్ళిన తెప్ప తిరగబడి ఇద్దరు అన్నదమ్ములు పోయారు. వాళ్ళ తండ్రి జనంతో మా వాకిట్లోకి వచ్చాడు.

“గుడ్డకి కుంకం పెట్టి సిల్లంగి సేసినావు! నువ్వొక్కడివే ఒడ్డునుండిపోనావు! ఇంక మంత్రమెలా సదువుతావో సూత్తాం!”

పళ్ళూడితే చేతబడి మంత్రం పారదని మా వైపు నమ్మకం. నలుగురు మామను అదిమిపట్టారు. ఆ ముసలి తండ్రి రాతితో ముందరి పళ్ళన్నీ విరగగొట్టాడు. అదీ పండగలో భాగమేననుకొని, నా వంతు వస్తుందని పసివాణ్ణి నేను రెండు చేతులా నోరు మూసుకున్నాను.

ఆ తరువాత సముద్రం ఎంత కల్లోలంగా ఉన్నా అందరికంటే ముందు మామే తెప్ప దించేవాడు. అది ధైర్యమనుకొనేవాణ్ణి. ఆయన భయమంతా ఒడ్డంటేనని పెద్దయ్యాక గాని తెలియలేదు.