ఫోటోలో పడని అదురు

ఆ వీధిలో ఆయన్ని పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. పిల్లలకీ పెద్దలకీ ఆయన ‘కదలకండి గారు’. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా రోజుకి నలభైసార్లు ఆయన అనే మాట అదొక్కటే. పాస్‌పోర్టు ఫోటోలు, గుర్తింపు కార్డుల ఫోటోలు తప్ప మరేవీ తీయడు. పెళ్ళిళ్ళకి రమ్మంటే వెళ్ళడు. అక్కడ అందరూ కదులుతారని ఆయన అభ్యంతరం.

స్టూడియో అంటే ఒక పొడుగాటి గది. ముందు కౌంటరు, వెనక తెల్ల గుడ్డ, గుడ్డ ముందు ఇనప స్టూలు, చెరోవైపు ఒక గొడుగు లైటు. పొద్దున షట్టరు ఎత్తగానే ఎండ లోపలికి వచ్చి, మెల్లగా పాకి, పదకొండింటికి స్టూలు కాలు దగ్గర ఆగిపోతుంది. అది కూడా ఈయన మాట వింటుందని భార్య అంటుంది. కౌంటరు ఆవిడది. ఫోటోలు కత్తిరించడం, కవర్లలో పెట్టడం, ‘ఇది నా మొహం కాదు’ అని గొడవకి దిగేవాళ్ళకి అద్దం చూపించడం ఆవిడ పనులు. కెమెరాని మాత్రం ఆయన ముట్టుకోనివ్వడు. పెళ్ళయిన కొత్తలో ఒకసారి దాని మీద దుమ్ము తుడిచింది. ఆ సంగతి ఆయన ఇప్పటికీ చెబుతూంటాడు.

ఒక మధ్యాహ్నం స్టూలు మీద ఒక బ్యాంకు గుమాస్తా కూర్చున్నాడు. కదలకండి అంటే కదల్లేదు. కదిలింది కెమెరా పట్టుకున్న ఆయన చెయ్యి. కుడిచేతి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్యనుండే కండ, చర్మం కింద ఏదో చిన్న ప్రాణి నిద్రలో పక్కకి ఒత్తిగిలినట్టు, అదిరింది. ఆగి, మళ్ళీ అదిరింది. చూపుడువేలు బటన్ మీదే ఉండటంతో అది దానంతటదే నొక్కుకుపోయింది. ఫోటోలో గుమాస్తా కళ్ళు మూసుకుని పడ్డాడు.

ఎదురుగా ఉన్న మందుల షాపు బావమరిదిది. రోడ్డు దాటి చెయ్యి చూపించాడు. రోడ్డు దాటేసరికి చెయ్యి మామూలుగా ఉంది.

“ఏది బావా అదురు?”

“ఇప్పటిదాకా ఉంది.”

“కుడికన్నయితే మంచిదంటారు. చేతి గురించి పెద్దవాళ్ళు ఏమీ చెప్పినట్టు లేరు. ఓ సీసా బలం మాత్రలిస్తా, వాడు.”

“దేనికి బలం?”

“ముందు వాడు బావా. దేనికో తర్వాత తెలుస్తుంది.”

సీసా అయిపోయింది. అదురు అయిపోలేదు. రోజుకి పదిసార్లో ఇరవైసార్లో వచ్చి, తలుపు తట్టి పారిపోయేవాడిలా వెళ్ళిపోతోంది.

ఆయన ఫోన్లో వెతికాడు. పైన అలసట, నిద్రలేమి, టీ కాఫీలు అని రాసుంది. అంత చిన్న కారణాలు ఆయనకి ఆనలేదు. కిందికి జరుపుతూ పోయాడు. అట్టడుగున ఒక జబ్బుంది. అందులో నరాలు ఒక్కొక్కటే చచ్చిపోతాయట, కండలు కరిగిపోతాయట, చెయ్యి, కాలు, గొంతు వరసగా సెలవు తీసుకుంటాయట. అది కూడా ఒక్కోసారి అదురుతో మొదలవుతుందట. ఫోన్ జేబులో పెట్టుకుని, వచ్చిన టీచరమ్మకి ఎనిమిది ఫోటోలు తీసిచ్చాడు. అన్నీ బాగానే వచ్చాయి. ఆ రోజు నుంచి ఆయన నిద్ర మాత్రం ఆ తెల్ల గుడ్డలా అయింది, ముందు ఎవరూ వచ్చి కూర్చోని గుడ్డ. నిద్ర లేక టీ, టీ తాగి నిద్ర లేక, అలా తిరుగుతూ ఉన్నాడు.

డాక్టరు దగ్గరికి వెళ్ళలేదు. వెళితే చెప్పేస్తారని భయం. దాని బదులు రెండు పనులు చేశాడు. మొదటిది, రుజువు కూడబెట్టడం. రోజూ ఒకే వేళకి తెల్ల గుడ్డ మీద రెండు చేతులూ పక్కపక్కన పెట్టి, పది సెకన్ల టైమరు పెట్టి ఫోటో తీసుకునేవాడు. కెమెరా ముందు చెయ్యి, ఇన్‌స్పెక్టరు వచ్చినప్పటి బడిపిల్లాడిలా, మహా బుద్ధిగా ఉండేది.

రెండో పని భార్యకి సంబంధించింది.

“ఇలా రా. ఇది పట్టుకో” అన్నాడు ఒక రోజు, కెమెరా చాపి.

“దుమ్ము తుడవాలా?”

“ఫోటో తియ్యి. నేర్పుతాను.”

ఆవిడ కత్తెర కింద పెట్టింది. “ఇరవై ఆరేళ్ళు దీని ఛాయలకి రానివ్వలేదు. ఇప్పుడు పిలిచి చేతిలో పెడుతున్నారు. ఏమైంది మీకు?”

“ఏమవుతుంది? నేర్చుకుంటే మంచిదని.”

“ఎవరికి మంచిది?”

దానికి జవాబు ఆయన చెయ్యి చెప్పింది. కెమెరా పట్టీ పట్టుకున్న చోటే నాలుగుసార్లు టకటకా అదిరింది. ఆవిడ ఆ కండ వైపు, తర్వాత ఆయన మొహం వైపు చూసింది.

“ఎన్నాళ్ళ నుంచి?”

“పది వారాలు.”

“పది వారాలు నోట్లో బెల్లంముక్క పెట్టుకు కూర్చున్నారా? రేపు పొద్దున డాక్టరు దగ్గరికి వెళ్తున్నారు. షాపు నేను చూసుకుంటా.”

“నీకింకా రాదుగా.”

“నేర్పండి. పది నిమిషాలుంది, గిరాకీ లేదు.”

డాక్టరమ్మ మెడలో గుర్తింపు కార్డు వేలాడుతోంది. ఆయన కుర్చీలో కూర్చోకముందే దాన్ని చూశాడు. ఎడమ చెవి కింద నీడ పడింది. ఆ సంగతి అప్పటికి పక్కన పెట్టి, ఆరు షీట్లు బల్ల మీద పరిచాడు. షీటుకి ఎనిమిది చొప్పున నలభై ఎనిమిది ఫోటోలు, అన్నీ పాస్‌పోర్టు సైజే, ఒక్కోదాని కింద తేదీ.

“ఇవేంటండీ?”

“అదురండి.”

ఆవిడ ఒక్కో షీటూ లైటుకి పెట్టి చూసింది. “చేతులు కనబడుతున్నాయి. అదురేది?”

“దీనికి కాస్త ముందు అదిరిందండి. దీనికి తర్వాత.”

“ఫోన్లో వీడియో తీసుకురావాల్సింది.”

“నేను వీడియోలు తీయనండి” అన్నాడాయన, మాంసం ముట్టనని చెప్పేవాడిలా.

ఆవిడ ఆయన వేళ్ళ మధ్య ఒక కాగితం పెట్టించి లాగింది. కాగితం చిరిగింది గానీ రాలేదు. మోకాలి మీద చిన్న సుత్తితో కొట్టింది. నాలుక చాపమంది. మడమల మీద నడిపించింది.

“వస్తువులు చేతిలోంచి జారిపోతున్నాయా? తిమ్మిర్లు?”

“లేవండి.”

“మింగడానికి, మాట్లాడటానికి ఇబ్బంది?”

“నాది ఒకటే మాటండి. బాగానే వస్తోంది.”

“టీలు?”

“మామూలేనండి. పదకొండు.”

ఆవిడ పదకొండు అని రాసుకుని, దాని కింద గీత గీసింది. తర్వాత మొదటి షీటూ చివరి షీటూ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూసింది. గోడ గడియారం ముల్లు ఒక్కో అడుగే వేస్తోంది. ఆయన దాన్ని కూడా కదలొద్దనాలనుకున్నాడు.

“మీరు ఏ జబ్బు గురించి చదివి వచ్చారో నాకు తెలుసు” అంది. “అదయితే ఈ వేళ్ళ మధ్య కండ సన్నబడుతుంది, పట్టు తగ్గుతుంది. మీ పట్టు ఇప్పుడే చూశాను. ఇవి అదురు చూపించడానికి పనికిరావు గానీ, ఒకే వెలుతురు, ఒకే దూరం, ఏడు వారాలు. కండ మొదటి రోజు ఎలా ఉందో నిన్నా అలాగే ఉంది. రోగులు ఇంత శుభ్రమైన రికార్డు ఎప్పుడూ తేలేదు నాకు.”

“అంటే అది కాదాండి?”

“ఇవాళ నాకు దాని ఆనవాళ్ళు కనబడలేదు. రక్తపరీక్షలు రాస్తాను, థైరాయిడు, కాల్షియం, ఇంకో రెండు. టీలు మూడుకి దించండి, నిద్రపోండి. అసలు రెండు వారాలైనా తగ్గనప్పుడే రావాల్సింది. ఇకమీదట పట్టు తగ్గినా, కండ లోతుకి పోయినా, అదురు ఇంకో చోటికి పాకినా, తిమ్మిరెక్కినా, మాట ముద్దగా వచ్చినా ఫోటోలు తీస్తూ కూర్చోకండి. వెంటనే రండి. ఏమీ లేకపోయినా మూడు నెలలకి ఒకసారి కనబడండి, ఒక షీటు పట్టుకుని.”

ఆయన లేచి, గుమ్మం దగ్గర ఆగాడు.

“మీ కార్డు ఫోటో మార్చుకోండమ్మా. నీడ పడింది.”

“మీరు తీసిందేనండి.”

ఆయన కార్డు మళ్ళీ ఒకసారి చూశాడు. “మీరు కదిలుంటారు” అన్నాడు.

స్టూడియోకి వచ్చేసరికి కెమెరా బల్ల మీద లేదు, భార్య మెడలో ఉంది. నలుగురికి తీసింది. ఆయన నాలుగూ వెలుతురులో తిప్పి తిప్పి చూశాడు. అందరి కళ్ళూ తెరిచే ఉన్నాయి.

“వాళ్ళకి ఏం చెప్పావు?”

“ఊపిరి పీల్చుకోమన్నా. అది సరే, డాక్టరేమంది?”

చెప్పడానికి ఎక్కడ కూర్చోవాలో తోచలేదు. ఎండ వచ్చి ఆగిన చోట స్టూలు ఖాళీగా ఉంది. ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఆయన దాని మీద కూర్చోవడం అదే మొదటిసారి. కాగితం చిరగడం నుంచి మూడు టీల దాకా, ఒక్క ముక్క వదలకుండా చెప్పాడు. ఆవిడ అంతా విని, చీర కుచ్చిళ్ళు సర్దుకుని, కెమెరా ఎత్తింది. తన మొహం ఆయనకి కనబడకుండా ఉండటానికి అది మంచి పద్ధతి.

“కదలకండి” అంది.

ఆయన కదల్లేదు. లైటు మెరిసింది. ఒళ్ళో ఉన్న కుడిచెయ్యి రెండుసార్లు అదిరింది, పాస్‌పోర్టు ఫోటో అంత కిందికి రాదు.

“కళ్ళు మూసుకున్నారు. మళ్ళీ తీస్తా” అంది. జవాబు లేదు. దగ్గరికి వెళ్ళి చూసింది. తెల్ల గుడ్డ ముందు, వీపు నిటారుగా, గడ్డం కాస్త పైకెత్తి, నిబంధనల ప్రకారం ఎలా కూర్చోవాలో అలాగే కూర్చుని నిద్రపోతున్నాడు. ఆవిడ లైట్లు ఆర్పి, షట్టరు సగం దించి, బయట కౌంటరు కుర్చీ వేసుకుని కూర్చుంది. అప్పుడే వచ్చిన కుర్రలాయరుకి ఒక గంట ఆగమని చెప్పింది.

“లోపల ఎవరైనా ఉన్నారాండీ?”

“ఉన్నారు” అంది. “ఫోటో తీయించుకుంటున్నారు.”