దీపం చుట్టూ రంగులు

పినాంగు ఎలా ఉంటుందని ఇప్పటికీ ఎవరో ఒకరు అడుగుతారు. ఓడెక్కి పరాయి దేశం వెళ్లొచ్చిన ఆడపిల్లంటే మా కళింగపట్నంలో అప్పట్లో వింత మరి. అడిగినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. ఆ ఊళ్లో గడిపిన ఎండాకాలాన్ని నా బతుకులోంచి పీకి పారేసేవాళ్లుంటే వాళ్లకి దణ్ణం పెడతాను.

అరవయ్యో దశకం చివరి సంగతి. నాకు పన్నెండో పదమూడో ఉంటాయి. అయ్య పినాంగు రేవులో పనిచేసేవాడు. ఓడ మీద నిలబడి, కింద సరుకు కట్టగానే క్రేను నడిపేవాడికి చేత్తో సైగ చెయ్యాలి. ఎత్తు, ఆపు, దించు. అంతా కళ్ల మీద నడిచే పని. ఆ పని ఉన్నంతకాలమే ఆ దేశంలో ఉండనిస్తారు. అక్కణ్ణుంచి వచ్చిన మా ఊరి మనిషొకడు, అయ్యకి చూపు మసకబారుతోందని చెప్పాడు. ఆ పూట అమ్మ అన్నం ముట్టలేదు. మర్నాడు నన్ను వెంటబెట్టుకుని అరసవల్లి వెళ్లి, ఆయన కళ్లు బాగైతే వెండి కళ్లు సమర్పిస్తానని సూర్యదేవుడికి మొక్కుకుంది. పసుపు గుడ్డతో ముడుపు కట్టింది. మా ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. కళ్లకి ముడుపు కట్టాక ఇంక మందు ముట్టకూడదు. ముట్టితే దేవుణ్ణి నమ్మనట్టే.

ఆమదాలవలసలో రైలు, మద్రాసులో ఓడ. దారి పొడుగునా వాంతులే. పినాంగు రేవులో అయ్య మమ్మల్ని చూసి చెయ్యూపి నవ్వాడు. తీరా చూస్తే నవ్వింది మా పక్కనున్న తమిళావిణ్ణి చూసి, అమ్మే అనుకుని.

చీనావాడి కొట్టు మీద మేడగదిలో ఉండేవాడు అయ్య. గూట్లో చిన్న మందుసీసా ఉంది. పొద్దునా సాయంత్రం మానకుండా కళ్లలో వేసుకోమని ఆస్పత్రిలో ఇచ్చారట. అమ్మ దాన్ని చేతిలోకి తీసుకుంది.

"నాను ముడుపు కట్టేసినాను. ఇంకిది ఎయ్యకు."

"డాకటేరు మానొద్దన్నాడే."

"డాకటేరు పెద్దోడా, సూరీడు పెద్దోడా? ఏటి నీ మాట!"

అయ్య సరేనన్నాడు. ఆయనా కళింగపట్నం మనిషే కదా. సీసా మూట అడుక్కి పోయింది.

ఆ మర్నాటి నుంచి పొద్దున్నే ముగ్గురం రేవు గట్టుకి వెళ్లేవాళ్లం. మా ఊళ్లో సూర్యుడు సముద్రంలోంచి లేస్తాడు. అక్కడ అవతలి ఒడ్డు కొండల వెనకనుంచి తీరిగ్గా వచ్చేవాడు. అయ్య దోసిలితో నీళ్లు వదిలి, కళ్లు తెరిచి దణ్ణం పెట్టేవాడు. సాయంత్రం అరసవల్లి పటం ముందు నూనె దీపం వెలిగించి, అమ్మ ఆయన్ని దాని ఎదురుగా కూర్చోబెట్టేది. చూపు తిప్పొద్దనేది.

ఒకనాటి సాయంత్రం అయ్య ఉన్నట్టుండి అన్నాడు.

"దీపం సుట్టూ రంగులు కనిపిస్తన్నాయే. పైన ఎర్రగా, లోపల నీలంగా, గుండ్రంగా."

అమ్మ రెండు చేతులూ ఎత్తి మొక్కింది. "ఓలమ్మా, అది ప్రభ! దేవుడి ఎనకాల ప్రభ ఉంటాది సూడు, అదే. వచ్చేసినాడు."

ఆ రోజు బెల్లం పరమాన్నం వండింది. రోజురోజుకీ రంగులు పెద్దవయ్యాయి. అయ్యకి నుదురు పగిలిపోయేంత పోటు. దేవుడు దిగేటప్పుడు ఆ మాత్రం ఉంటుందిలే అంది అమ్మ. నేనూ నమ్మాను. కొట్ల ముందు వేలాడే ఎర్ర కాగితం లాంతర్లు చూసుకుంటూ, ఆ ఊళ్లోనే ఉండిపోతామని సంబరపడ్డాను. "నయమైపోనీ, నిన్నిక్కడే బడిలో ఏస్తాను" అన్నాడు అయ్య. ఎంత పాపిష్టి ఆశ!

ఒక పొద్దున గట్టు మీద అయ్య దోసిలి పట్టుకుని గోదాము గోడకేసి నిలబడ్డాడు. ఎండ ఆయన ఎడమ చెంప మీద పడుతోంది. తిప్పి నిలబెడదామని వెళ్లిన అమ్మ సగంలో ఆగిపోయింది.

"ఇంకా పొద్దు పొడవనేదేటి?" అన్నాడు అయ్య.

ఆస్పత్రిలో డాక్టరు సీసా చూపించమన్నాడు. సగం మందు అలాగే ఉంది. ఆయన చెప్పింది తమిళ నర్సు వచ్చీరాని తెలుగులో మాకు చెప్పింది. కంట్లో ఒత్తిడి పెరిగి నరం చచ్చిపోయిందట. పోయిన చూపు రాదట. మందు మానకుండా వేసుంటే ఉన్న చూపు నిలిచేదేమోనట. దీపం చుట్టూ రంగులు కనిపించడం ఆ ఒత్తిడికి గుర్తట.

"అది ప్రభ కాదేటి?" అంది అమ్మ. మళ్లీ అడిగింది. నర్సు తల అడ్డంగా ఊపింది.

పని పోయింది. పనితోపాటు ఆ దేశమూ పోయింది. తిరుగు ఓడెక్కాం. ఇంటికొచ్చాక అమ్మ ఆ ముడుపుని దేవుడికీ ఇవ్వలేదు, విప్పనూ లేదు. దూలానికి వేలాడుతూ ఉండేది. దాన్ని చూస్తే నాకు దేవుడి మీదా అమ్మ మీదా కలిపి మండుకొచ్చేది. కొన్నాళ్లకి ఆ కోపమూ పోయి గుండె మొద్దుబారింది. అమ్మ ఆయన మీద ప్రేమతోనే చేసింది. ఇంక ఎవర్ని తిట్టను?

ఆ తర్వాతెప్పుడో ఒక సాయంత్రం, గడప మీద కూర్చున్న అయ్య నన్ను పిలిచాడు.

"అమ్మీ, పొడుగైపోనావంట గదా."

"అయినానయ్యా."

అయ్య చేత్తో గడప తడుముతూ కూర్చున్నాడు.

"పినాంగుల అన్నాళ్లు నా ఎదట ఉన్నావు. నీ మొకం సరిగ్గా సూసుకోనేదే గుంటా. ఉన్న సూపంతా దీపం మీద ఎట్టేసినాను."

అప్పుడు ఎదట లేనని ఆయనకి నేను చెప్పలేదు. దీపానికి అడ్డొస్తానని, అమ్మ రోజూ నన్ను ఆయన వెనక్కి జరిపి కూర్చోబెట్టేది.