ముట్టరాదని నేను రాసిన కప్ప పుస్తకం

ఒక తెల్లకాగితం, నాలుగు గుండుసూదులు, ఐదు పుస్తకాల పేర్లు. ఇంత తక్కువ సామానుతో ఒక తరగతి తరగతినే ముంచినవాడు సూర్యాపేట నుంచి కోదాడ దాకా వెతికినా నేను తప్ప ఇంకొకడు దొరకడు. ఎట్లా ముంచానో చెప్తాను. నవ్వండి, నాకేం అభ్యంతరం లేదు. కాకపోతే మీరు కూడా ఎప్పుడైనా చదవని పుస్తకాన్ని పక్కవాడికి ‘చాలా బాగుంటుంది’ అని చెప్పి ఉంటే, కొంచెం మెల్లగా నవ్వండి.

రెండువేల ఐదో, ఆరో. కోదాడ దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో లెక్చరర్ ఉద్యోగానికి వెళ్ళాను. ప్రిన్సిపాల్ గారు నా సర్టిఫికెట్లు తిరగేసి, “లిస్ప్ వస్తదా?” అన్నారు.

“కొట్టిన పిండి సార్,” అన్నాను.

లిస్ప్ అంటే కంప్యూటర్‌కు పని చెప్పే ఒక పాత భాష. నాకు దాని గురించి తెలిసింది అంతే, ఇప్పుడు మీకు కూడా చెప్పేశాను. అందులో ఎటు చూసినా బ్రాకెట్లే. వాక్యం చివర మూసే బ్రాకెట్లు మిర్యాలగూడ రైస్ మిల్లు ముందు వడ్ల లారీల్లా ఒకదాని వెనక ఒకటి బారులు తీరి ఉంటాయి. వాటిని చూస్తే నాకు కళ్ళు తిరిగేవి. అయినా ఉద్యోగం వచ్చింది.

చేరిన వారానికే ప్రిన్సిపాల్ గారు పిలిచి, “ఇన్‌స్పెక్షన్ ఉన్నది. లిస్ప్ నేర్చుకోవడానికి మంచి పుస్తకాలు ఐదు రాసియ్యి, లైబ్రరీకి తెప్పిస్తా. ఒక్కో పుస్తకం గురించి ఒక ముక్క కూడా రాయి, పిల్లలకు పనికొస్తది,” అన్నారు.

ఆ సాయంత్రం సూర్యాపేట బస్టాండు పక్కన ఇంటర్నెట్ సెంటర్లో కూర్చున్నాను. ఒక్కో పుస్తకం అట్టబొమ్మ తెర మీద పైనుంచి కిందికి దిగడానికి, నేను బయటికి పోయి చాయ్ తాగి వచ్చేంత సేపు పట్టేది. ఐదు చాయ్‌లకు ఐదు అట్టలు చూశాను. పెళ్ళిచూపుల్లో కూడా మనిషి రెండు మాటలు అడుగుతాడు. నేను అట్టలు చూసే సంబంధాలు ఖాయం చేశాను.

అన్నిటికంటే లావుగా, నల్ల అట్టతో, తలకింద పెట్టుకుంటే మెడ విరిగేటట్టు ఉన్నదాన్ని మొదటి స్థానంలో పెట్టి, ‘ఈ శాస్త్రానికి మూలస్తంభం. ఆరంభకులు దీనితోనే మొదలుపెట్టవలెను’ అని రాశాను. అన్నిటికంటే పలచనిదానికి, ‘ఒక్క ఆదివారంలో ముగించవచ్చును’ అన్నాను. తర్వాతి రెండింట్లో ఒకదాని రచయితకు గడ్డం బాగా పెరిగి ఉంది కాబట్టి ‘లోతైనది’ అనీ, రెండోదానికి ఏ వంకా దొరక్క ‘ఇదియును మంచిదే’ అనీ రాశాను. ఐదో దాని అట్ట మీద ఒక కప్ప గొడుగు పట్టుకొని నిలబడి ఉంది. ఇంజనీరింగ్ కాలేజీలో కప్పేమిటని నాకు రోషం వచ్చింది. ‘చిన్నపిల్లల పుస్తకం. మన విద్యార్థులు ముట్టరాదు. బుద్ధి మందగించును’ అని తీర్పు చెప్పాను. జాబితాలోంచి తీసెయ్యకపోవడానికి ఒకటే కారణం, ఐదు కావాలన్నారు.

పుస్తకాలు వచ్చాయి. నా కాగితం లైబ్రరీ గోడకెక్కింది. లైబ్రేరియన్ జానయ్య గోడ మీద రాసి ఉన్నదాన్ని చట్టంగా భావించే మనిషి. కప్ప పుస్తకాన్ని బీరువాలో పెట్టి తాళం వేశాడు.

ఇక సైదులు సంగతి. పాలకీడు వైపు కుర్రాడు, గొర్లు కాచే కుటుంబం. ఫైనలియర్. అప్పటికే హైదరాబాద్ కంపెనీ ఒకటి ఉద్యోగం ఇస్తామంది, ఒక్క సబ్జెక్టు కూడా తప్పొద్దని షరతు పెట్టి. మిగిలినవన్నీ గట్టెక్కాయి. నా లిస్ప్ ల్యాబ్ ఒక్కటే మిగిలింది. “గిదొక్కటి పోయిందంటే మళ్ళ మందల కలుస్తవ్ బిడ్డా,” అని వాళ్ళ నాన్న అన్నాడట.

పది రోజులకు వాడు నల్ల పుస్తకాన్ని పసిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకొని స్టాఫ్‌రూమ్‌కు వచ్చాడు.

“సార్, మూడో పేజీ తాన ఆగిన.”

“ఎన్నిసార్లు చదివినవ్?”

“పదకొండు సార్లు.”

“పన్నెండోసారి చదువు. ఇది అట్లాంటి పుస్తకం.”

“మీకు ఎన్నోసారికి అర్థమైంది సార్?”

“నా సంగతి వేరు,” అన్నాను. అబద్ధం కాదు. నా సంగతి నిజంగానే వేరు.

వాడు వెళ్ళాక లైబ్రరీలో ఇంకో కాపీ తీసి ఆ మూడో పేజీ చూశాను, ఒక్క ముక్క ఎక్కలేదు. తర్వాత తెలిసింది, అది ఆ భాషను కంప్యూటర్‌లో తయారుచేసే మహానుభావుల కోసం రాసిన పుస్తకమట. మాటలు రాని బిడ్డ చేతిలో నిఘంటువు పెట్టి, మూలస్తంభం చదువుకో నాయనా అన్నట్టు అయింది నా పని. ఆదివారం పుస్తకం అంతకంటే ఘోరం. అది పలచగా ఉన్నది సులువై కాదు, తెలిసినవాడికి మళ్ళీ చెప్పడం ఎందుకని.

పరీక్ష రోజు మిర్యాలగూడ నుంచి ఎగ్జామినర్‌గా ఒక మేడమ్ వచ్చారు. లైబ్రరీ గోడ మీది నా కాగితాన్ని పీకి చేత్తో పట్టుకొనే వచ్చారు.

“చిన్న ప్రశ్న,” అన్నారు. “ఒక జాబితా ఉంది. అందులో ఎన్ని ఉన్నాయో లిస్ప్‌తో ఎట్లా లెక్కపెట్టిస్తావు?”

మొదటివాడు నల్ల పుస్తకం ముందుమాట అప్పజెప్పాడు. రెండోవాడు అదే ముందుమాట. తొమ్మిదోవాడికి వచ్చేసరికి ఆ ముందుమాట నాకు కూడా నోటికి వచ్చింది. మేడమ్ నా వైపు తిరిగి, “పోనీ మీరు చెప్పండి సార్,” అన్నారు.

“నేను చెప్తే పిల్లలకు సోమరితనం అలవాటైతది మేడమ్,” అన్నాను.

అప్పుడు సైదులు వంతు.

“మేడమ్, మా నాయిన పొద్దుగాల గొర్లను లెక్కవెడతడు. మందంతా ఒక్కసారి సూడడు. దొడ్డి దారి తాన నిలవడి ఒక్క గొర్రెను బయటికి ఇడుస్తడు. అది ఒకటి. లోపల మిగిలింది కూడ మందనే గదా, దానికి మళ్ళ గదే పని. దొడ్డి ఖాళీ అయితే సున్న. అంతే.”

“రాసి చూపించు.”

నాలుగు వరసలు రాశాడు. చివర బ్రాకెట్లను మెల్లగా ఒక్కొక్కటే మూశాడు, దొడ్డి తడిక దింపినట్టు. కంప్యూటర్ మారుమాట లేకుండా లెక్క చెప్పింది.

మేడమ్ ముఖం వెలిగిపోయింది. “దీన్ని ఇంతకంటే బాగా చెప్పినవాళ్ళను నేను చూడలేదు. ఏ పుస్తకం చదివావు?”

సైదులు నా వైపు చూసి తల దించుకున్నాడు. “సార్ ముట్టద్దన్న బుక్కు మేడమ్.”

జానయ్య తలుపు దగ్గర నుంచి కంగారుగా అందుకున్నాడు. “పిలగాడు ముట్టలే మేడమ్. నేనే తాళం దీసి పేజీలు తిప్పిన, దూరం కూసోని సదివిండు. రూల్ తప్పలే.”

అట్లా తిప్పీ తిప్పీ జానయ్యకు కూడా నాలుగో అధ్యాయం దాకా లిస్ప్ వచ్చిందని తర్వాత తెలిసింది. అంటే ఆ భవనంలో లిస్ప్ తెలిసినవాళ్ళు ఇద్దరు, లిస్ప్ పేరు మీద జీతం తీసుకుంటున్నది మూడోవాడు.

మేడమ్ కాగితం నా ముందు పెట్టారు. “ఇంత మంచి పుస్తకాన్ని ముట్టరాదని ఎందుకు రాశారు సార్?”

జవాబేమైనా రాసి ఉందేమోనని నేను కాగితాన్ని తిరగేసి వెనకవైపు చూశాను.

“వద్దంటేనే మేం సదువుతమని సార్ గట్ల రాసిన్రు మేడమ్,” అన్నాడు సైదులు.

ఆమె నమ్మారు. నా మనస్తత్వ పరిజ్ఞానాన్ని మెచ్చుకున్నారు. సైదులును పాస్ చేసి, మిగిలినవాళ్ళకు వారం గడువిచ్చి వెళ్ళారు. జీవితంలో నాకు అన్ని పొగడ్తలు ఎప్పుడూ రాలేదు, అంత సిగ్గు కూడా రాలేదు. నేను గోడకు కొట్టిన కాగితాన్ని నమ్మి తొమ్మిదిమంది పిల్లలు ఒక ముందుమాటను కంఠస్థం చేశారు. అర్థం కాకపోతే పుస్తకం తప్పేమో, చెప్పినవాడి తప్పేమో అని ఒక్కడికీ అనుమానం రాలేదు. తమ బుర్రదే తప్పనుకున్నారు. అది తలుచుకుంటే ఇప్పటికీ నవ్వు మధ్యలో ఆగిపోతుంది.

ఆ వారమంతా సైదులు లైబ్రరీలో మిగతా పిల్లలకు కప్ప పుస్తకం చెప్పాడు. అటెండెన్స్ తీసుకునే వంకతో నేను వెనక బెంచీలో కూర్చున్నాను. అందరూ గట్టెక్కారు. ఆఖరి రోజు వాడు నా దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి అడిగాడు.

“సార్, ఎవ్వరికీ చెప్ప. గా ఐదిట్ల మీరు ఏది సదివిన్రు?”

నేను కిటికీలోంచి హైవే మీది లారీలను చూశాను. వాడికి జవాబు దొరికింది. సంచిలోంచి కప్ప పుస్తకం తీసి నా చేతిలో పెట్టాడు.

“దీంతోని షురూ చేయుండ్రి సార్. మూడో పేజీ తాన ఆగరు.”

ఆగలేదు. పన్నెండో పేజీ దగ్గర గొడుగు పట్టుకున్న కప్పే నా చేయి పట్టుకొని దాటించింది. వాడు హైదరాబాద్ వెళ్ళాడు. నేను అదే కాలేజీలో ఇంకో ఎనిమిదేళ్ళు లిస్ప్ చెప్పాను, ఈసారి తెలిసే.

అందువల్ల సమస్త బ్రాకెట్ల సాక్షిగా నేను చేసుకున్న ప్రతిజ్ఞ ఇది: ఆఖరి పేజీ దాకా చదవని పుస్తకాన్ని చదవమని గానీ, ముట్టవద్దని గానీ ఈ జన్మలో ఎవరికీ చెప్పను. లిస్ప్‌కు ఏ పుస్తకం మంచిదని అడిగినవాళ్ళకు కప్ప బొమ్మ ఉన్నదాన్ని చూపిస్తాను. మిగిలిన నాలుగూ ఎట్లా ఉంటాయని అడిగితే మాత్రం, గుండె మీద చేయి వేసుకొని నిజమే చెప్తాను: “మూడో పేజీ దాకా బ్రహ్మాండంగా ఉంటాయి.”