లెక్కకు రాని కంకరగూడెం

మా పెద్దబాపు పోయారు. ఇక్కడ గల్ఫ్‌లో, సీబ్‌లో విల్లాలు కడుతున్న సైట్‌లో, మిట్టమధ్యాహ్నపు ఎండలో పరంజా దిగి నీళ్లడిగారట. నీళ్లు వచ్చేలోగా కూలిపోయారు. ఆయన మేస్త్రీ, మా నాన్నకు అన్న. వచ్చే నెల వీసా క్యాన్సిల్ చేసుకుని ఇంటికి వెళ్లవలసిన మనిషి. ఎందుకు వెళ్లదలచారో చెప్పకుండా ఆయన్ను తలచుకోవడం నాకు చేతకాదు.

మా కంకరగూడెం సర్కారు దృష్టిలో ఊరే కాదు. నిజాం కాలంలో రైలుకట్టకు కంకర కొట్టడానికి వచ్చిన కుటుంబాలు, పని ముగిశాక పక్కనున్న పెద్దూరి బంజరులోనే గుడిసెలు వేసుకున్నాయి. తరువాత పటేలు, పట్వారీ పోయారు. తాలూకా పోయి మండలం వచ్చింది. మేము మాత్రం పెద్దూరి శివారుగానే మిగిలాం. బోరు వేయాలన్నా, కాటికి జాగా కావాలన్నా పెద్దూరి పంచాయతీ దయ. శవాన్ని మోసుకెళుతుంటే ఆ ఊరివాళ్లు దారి మళ్లించిన రోజులున్నాయి.

ఈ చరిత్ర నేను పుస్తకాల్లో చదివింది కాదు. నేను ఇక్కడే ఘుబ్రా స్కూల్లో చదివే రోజుల్లో నాన్న శుక్రవారాలు నన్ను రూవిలోని పెద్దబాపు రూమ్‌కు తీసుకెళ్లేవాడు. రూమంతా మా గూడెంవాళ్లే. అన్నాలయ్యాక ఆయన పెయింట్ డబ్బా బోర్లించి కూర్చునేవారు. మిగతావాళ్లు మంచాల మీది నుంచి కాళ్లు వేలాడేసుకుని వినేవాళ్లు. వంట వంతుల నుంచి గూడెం బోరు దాకా అన్ని తగవులూ అక్కడే తేలేవి. సర్కారు ఇవ్వని పంచాయతీని వాళ్లు రూవిలో పెట్టుకున్నారు.

పక్క రూమ్ కడప భాయ్ తలుపులోంచి తొంగిచూసి ఎగతాళి చేసేవాడు: “ఏం సర్పంచ్ సాబ్, మీ వార్డు మెంబర్లు గిన్నెలు కడిగినారా లేదా?”

“మెంబర్లు గిన్నెలు కడిగే రాజ్యం యాడుంది భాయ్? నేనే కడుగుత,” అంటూ లేచేవారు పెద్దబాపు. అన్నట్టే కడిగేవారు.

ప్రత్యేక పంచాయతీ కోసం పెట్టుకున్న అర్జీ మీద నిరుడు ఒక అధికారి విచారణకు వచ్చాడు. గల్ఫ్ కష్టంతో లేచిన స్లాబు ఇళ్లు చూసి, “ఇండ్లున్నయి, మనుషులేరి?” అన్నాడట. ఇళ్లలో ఉన్నవారినే లెక్కించి, జనాభా చాలదని తేల్చి వెళ్లిపోయాడు. గూడెం నిలబడాలని గూడెం విడిచినందుకే మాకు గూడెం లేకుండా పోయింది. వలసపోయినవాళ్లకు ఊరి మీద హక్కేమిటని వాదించే పెద్దమనుషులు నేను చదివే యూనివర్సిటీ క్యాంపస్‌లోనూ ఉన్నారు. ఆ స్లాబుల కింద నిలబడి ఆ మాట అనమనండి.

అప్పుడు యూనివర్సిటీ సెలవులకు వచ్చి ఉన్న నేను రూమ్‌లో మండిపడ్డాను. చట్టం, పౌరహక్కులు, నిర్వచనాలు అన్నీ ఏకరువు పెట్టాను. పెద్దబాపు చివరిదాకా విన్నారు.

“మంచిగ కొట్లాడినవ్ బిడ్డా. గని ఆ సారు మాటలు లెక్కవెట్టడు, తలకాయలు లెక్కవెడ్తడు. మళ్ల వచ్చేటాల్లకు మా తలకాయలు ఆడుండాలె.”

“అందరూ పోతే తిండెట్ల పెద్దబాపూ?”

“అందరెందుకు? ముందుగాల నేను వోత. నన్ను జూసి ఇంకిద్దరొస్తరు.”

ఈ వేసవిలో మళ్లీ విచారణ ఉందన్న కబురు రాగానే కంపెనీకి రాజీనామా ఇచ్చేశారు. ఆ తల గూడెం చేరుతుంది, నిజమే. కానీ ఏ అధికారీ దాన్ని లెక్కపెట్టడు. ఈసారి ఏ దారిన మోసుకెళ్లనిస్తారో కూడా మాకు తెలియదు.

ఎయిర్‌పోర్టు కార్గో దగ్గర పెట్టె మీద చిరునామా చూశాం. పెద్దూరి పేరుంది, ఎప్పుడో రద్దయిన తాలూకా పేరు కూడా ఉంది. కంకరగూడెం లేదు.

“పాస్‌పోర్టులో ఉన్నదే రాస్తాం,” అన్నాడు గుమాస్తా.

మాతో వచ్చిన, రూమ్‌లో ఆయన పక్క మంచంవాడు వడ్రంగి. చెవి మీది పెన్సిల్ తీసి పెట్టె మీదికి వంగాడు.

“గట్టిగ రాయి తమ్మీ,” అన్నాడు నాన్న. “ఆడ దిగినంక కనవడాలె.”

అతడు ఒక్కో అక్షరాన్నీ రెండుసార్లు దిద్దాడు. ట్రాలీ కదిలింది. కొత్త చెక్క మీద మా ఊరి పేరు, ఎండకు సీసంలా మెరుస్తూ, షెడ్డు చీకట్లోకి వెళ్లిపోయింది.