హైపో దాకా చేరని ఫోటో

ఇది కట్టుకథ కాదు. నాకు జరిగింది. దేవుడి మీద ఒట్టు వేయమంటే వేస్తాను. మా అమ్మ మీద వేయమన్నా వేస్తాను. నా బిడ్డ మీద మాత్రం వేయమనకండి... ఎందుకో వింటే మీకే తెలుస్తుంది. నవ్వేవాళ్ళుంటే ఇప్పుడే నవ్వేయండి. తర్వాత మీ వల్ల కాదు.

డెబ్బైల నాటి మాట. మేం గౌలిపురాలో ఒక పాత ఇంట్లో చిన్న వాటా అద్దెకు తీసుకుని ఉండేవాళ్ళం. నేను సర్కారు వర్క్‌షాపులో ఫిట్టర్ని. నా భార్య పేరు సత్తెమ్మ. మాకు మొదట ఒక ఆడపిల్ల పుట్టింది. పాలు తాగి పడుకున్న పిల్ల పడుకున్నట్టే పోయింది. జ్వరం లేదు, ఏడుపు లేదు. తెల్లవారి లేపితే లేవలేదు... అంతే. ఆ పిల్లకు ఒక్క ఫోటో కూడా లేదు. ఇవాళ తీయిద్దాం, రేపు తీయిద్దాం అనుకుంటూనే ఉండిపోయాం.

తర్వాత లలిత పుట్టింది. ఇక సత్తెమ్మకు కంటి మీద కునుకు లేదు. రాత్రంతా ఉయ్యాల దగ్గరే కూర్చునేది. మాటిమాటికీ పిల్ల ముక్కు కింద వేలు పెట్టి చూసేది. నాకూ భయమే. కానీ మగవాణ్ణి కదా, బయటపడలేదు. నా భయం ఇంకో దారి పట్టింది. ఈ పిల్లకు ఫోటోలుండాలి. బోలెడుండాలి. పాత కెమెరా ఒకటి సంపాదించాను. ప్రింట్లు కూడా ఇంట్లోనే వేసుకోవాలనుకున్నాను. మా సామాన్ల గదికి కిటికీ లేదు. డార్క్‌రూమ్‌కి అంతకన్నా ఏం కావాలి?

కావాల్సింది ఎన్‌లార్జర్. అదేనండీ, నెగిటివ్ మీదున్న చిన్న బొమ్మను పెద్దది చేసి కింద కాగితం మీద పడేసే యంత్రం. కొత్తది కొనే తాహతు లేదు. జుమ్మెరాత్ బజార్ పాత సామాన్ల సంతలో ఒకటి చూశాను. స్తంభం ఊగుతోంది, లెన్సు లోపల బూజు. ఫిట్టర్ని కదా, ఊగే వస్తువును చూస్తే నా చెయ్యి ముందుకు పోదు. శాలిబండ దగ్గర మూతపడిన స్టూడియో సామాను అమ్ముతున్నారని విని అక్కడికి వెళ్ళాను.

అమ్ముతున్నది హమీద్ భాయ్. ఆ స్టూడియోలో ఫోటోలకు మెరుగులు దిద్దే పని చేసి ముసలివాడైపోయిన మనిషి. మెడలో మఫ్లరు, వేళ్ళ చివర పోని మరకలు. నేను ఎన్‌లార్జర్ చుట్టూ తిరుగుతుంటే లేచి తలుపు మూశాడు.

"తిత్తిల చిల్లులున్నయేమో దేఖ్ లో భాయ్. రేపు నాతోని లొల్లి పెట్టుకోవద్దు."

చీకట్లో యంత్రం బల్బు వెలిగించి తోలు తిత్తి చుట్టూ చూశాను. ఎక్కడా వెలుతురు చుక్క బయటికి రాలేదు. స్తంభం కదలదు. లెన్సులో బూజు లేదు. నెగిటివ్‌ను మధ్యలో పెట్టి నొక్కిపట్టే రెండు అద్దాలు... వాటి మీద గీత లేదు, మచ్చ లేదు.

"గింత మంచిగెట్ల ఉంచిన్రు భాయ్?" అన్నాను.

"వేరేటోళ్ళను ముట్టనియ్యలే. గీ మిషన్ మయ్యత్ ఫోటోలకే ఎక్కువ వాడినం."

"అంటే?"

"సచ్చిపోయినోళ్ళయి. బతికున్నప్పుడు ఫోటో దిగనోళ్ళు మస్తు మంది ఉంటరు భాయ్. పోయినంక ఇంటోళ్ళు స్టూడియోకు ఉరికొస్తరు. పోయి, కూసోబెట్టి తీస్తుంటిమి. మరి కండ్లు మూసుకోని ఉంటయి గదా..." రెండు వేళ్ళతో గాలిలో చిన్న గీత గీశాడు. "కుంచెతోని నేను తెరుస్తుంటి. ఇంటోళ్ళకు బతికున్నట్టే కనవడాలె."

"పిల్లలయి గూడనా?"

"పిల్లలయే ఎక్కువ."

అక్కడి నుంచి వచ్చేయాల్సింది. కాని అంత గట్టి యంత్రం మళ్ళీ దొరకదని చెయ్యి వదల్లేదు. దేనికని హమీద్ భాయ్ అడిగాడు. నా బిడ్డ ఫోటోలకన్నాను. ఆయన ముఖం మారింది. "ఖుదా సలామత్ రఖ్ఖే, దేవుడు సల్లగ సూడాలె," అంటూ తానే తాడు కట్టి రిక్షాలో పెట్టించాడు.

ఇంటికి తెచ్చాక అసలు తంటా మొదలైంది. మెలకువగా ఉంటే లలిత కాళ్ళూ చేతులూ ఊరికే ఉంచదు. నా కెమెరాకు ఫ్లాష్ లేదు. తీసిన ప్రతి ఫోటో చెదిరిపోయింది. ఒక మధ్యాహ్నం పిల్ల వాకిట్లో, చాప మీద నిద్రపోతుంటే కెమెరా తీశాను. సత్తెమ్మ పరుగున వచ్చింది.

"ఏందయ్యా గిది? నిద్రల ఉన్న పోరిని ఎవరన్న ఫోటో తీస్తరా? ఆయుష్షు తగ్గుతదంటరు."

"గట్లేం గాదు. ఒక్కటే తీస్త."

తీశాను. సత్తెమ్మ పిల్లను చాప మీద నుంచి ఎత్తుకుని లోపలికి పోయింది.

ఆ నెగిటివ్‌ను ప్రింట్ వేసింది మంచి చలికాలం రాత్రి. భోజనాలయ్యాయి. సత్తెమ్మ గోడకు ఆనుకుని, ఉయ్యాలకు కట్టిన తాడు లాగుతూ కూర్చుంది. దూలానికి ఇనుప కొక్కెం, దానికి చీర ఉయ్యాల. ఊపినప్పుడల్లా కొక్కెం కిర్రు... కిర్రు... అనేది. పిల్ల మీద ఉన్ని శాలువా కప్పింది. నేను సామాన్ల గదిలోకి వెళ్ళి తలుపు మూసుకున్నాను. తలుపు సందుల్లో గుడ్డలు కుక్కాను. ఎర్ర బల్బు వేశాను.

బయట నుంచి కిర్రు... కిర్రు...

నెగిటివ్‌ను అద్దాల మధ్య పెట్టాను. బొమ్మ బల్ల మీద పడింది. లలిత ముఖం. నెగిటివ్ కదా, నలుపు తెలుపు తారుమారుగా ఉంది. కనురెప్పల వెంట్రుకలు చూసుకుంటూ లెన్సు సరిచేశాను. బాగా వినండి... రెప్పలు మూసి ఉన్నాయి. ఆ మూసిన గీత చూసే బొమ్మ స్పష్టం చేసుకున్నాను. ఇందులో నాకు అనుమానం లేదు.

కాగితం పెట్టి, వెలుతురిచ్చి, తీసి డెవలపర్ ట్రేలో, అంటే బొమ్మను తేల్చే మందు నీళ్ళలో, వేశాను. చలికి ఆ నీళ్ళు గడ్డకట్టినట్టున్నాయి. బొమ్మ రావడం లేదు. ట్రే అంచు పట్టుకుని మెల్లగా ఊపుతున్నాను. నీళ్ళు తప్... తప్... అంటున్నాయి. బయట కొక్కెం కిర్రు... కిర్రు...

ముందు జుట్టు వచ్చింది. తర్వాత చెవి. తర్వాత దిష్టిచుక్క, బుగ్గ మీద నల్లగా. పెదాలు... ముక్కు... కళ్ళ దగ్గర మాత్రం తెల్లగానే ఉంది. చలికి అక్కడ ఆలస్యమవుతోందేమో అనుకున్నాను. వంగాను.

ఆ తెలుపులో... రెండు నల్లటి చుక్కలు.

మెల్లగా... గుండ్రంగా... పెద్దవవుతున్నాయి.

రెప్పల నీడ కాదు. కనుపాపలు. నీళ్ళ అడుగు నుంచి నా బిడ్డ కళ్ళు తెరిచి నన్ను చూస్తోంది.

నా చేతులు ట్రే మీదే బిగుసుకుపోయాయి. కొక్కెం చప్పుడు... ఎప్పుడు ఆగిందో తెలియదు. ఆగిపోయి ఉంది. ఇంట్లో ఏ చప్పుడూ లేదు.

అప్పుడు ఒకటే ఆలోచన వచ్చింది. ఈ యంత్రం కింద కళ్ళు తెరిపించేది ఎవరికి?

గుడ్డలు, సందులు, కాగితం... ఏదీ గుర్తు లేదు. తలుపు బార్లా తీసి పరుగెత్తాను. సత్తెమ్మ గోడకు ఒరిగి గాఢంగా నిద్రపోతోంది. తాడు నేల మీద పడి ఉంది. ఉయ్యాల కదలడం లేదు. చీర మడతలు విప్పి చూస్తే... శాలువా మొత్తం పిల్ల ముఖం మీద చుట్టుకుని ఉంది. లాగేశాను. ఒళ్ళు వెచ్చగానే ఉంది. కాని పెదాల రంగు వేరుగా ఉంది. ముక్కు కింద వేలు పెట్టాను. నాకేమీ తగల్లేదు.

"సత్తెమ్మా!"

పిల్లను చేతి మీద బోర్లా వేసి వీపు మీద కొట్టాను. మళ్ళీ కొట్టాను. సత్తెమ్మ లేచి, నన్ను చూసి, పిల్ల కోసం చేతులు చాచింది. అప్పుడు పిల్ల ఒక్కసారి వెక్కినట్టు ఊపిరి లాగింది... ఏడ్చింది. గట్టిగా, కోపంగా ఏడ్చింది. నేను నేల మీద కూలబడి దానికంటే గట్టిగా ఏడ్చాను. సిగ్గేమీ లేదు చెప్పడానికి.

తెల్లవారుజామున గుర్తొచ్చి సామాన్ల గదిలోకి వెళ్ళాను. డెవలపర్‌లో తేలిన బొమ్మను హైపో అనే ఇంకో మందు నీళ్ళలో వేస్తేనే అది నిలుస్తుంది. ఆలోపల మామూలు వెలుతురు తగిలిందా, కాగితమంతా నలుపే. నేను తలుపు తీసి పరుగెత్తాను కదా. ట్రేలో ఉన్నది నల్ల కాగితం. కళ్ళు లేవు, ముఖం లేదు.

మర్నాడు ఆ అద్దాలను ఎండలో పట్టుకుని చూశాను. కుంచె మరక ఒక్కటీ లేదు. రాత్రి సత్తెమ్మనూ పిల్లనూ లోపలే, నా పక్కనే కూర్చోబెట్టుకుని అదే నెగిటివ్‌ను మళ్ళీ ప్రింట్ వేశాను. వేసిన ప్రతిసారీ కళ్ళు మూసుకున్న లలితే వచ్చింది. ఎర్ర వెలుతురులో కళ్ళు మోసపోతాయంటారు. భయపడేవాడికి ఏదైనా కనిపిస్తుందంటారు. అయ్యుండొచ్చు. కాదనను.

అప్పుడే సత్తెమ్మకు మొత్తం చెప్పేశాను. చెబుతూ, "నువ్వు ఊపుడు ఆపంగనే నాకింకింత భయమైంది," అన్నాను. ఆమె వింతగా చూసింది.

"నేను ఊపుడేంది? నువ్వు తలుపు ఏసుకుంటివో లేదో నాకు నిద్ర వట్టింది. మల్ల నువ్వు పిలిస్తెనే లేసిన."

మరి అంతసేపు నేను విన్న కిర్రు కిర్రు? ఆమె ఒళ్ళో ఉన్న లలితను దగ్గరికి అదుముకుంది. తర్వాత చాలా నెమ్మదిగా అడిగింది.

"నిన్న కాయిదం మీద కనవడ్డది... ఇదేనా? మన పెద్దదా?"

ఆ మాట నాకు తట్టనే లేదు.

"ఎట్ల చూసిందయ్యా? నవ్వుకుంటనా?"

నవ్విందో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. లలితకు పెళ్ళయి పిల్లలు పుట్టారు. నేను మాత్రం చీర ఉయ్యాల కనిపిస్తే ముందు అందులో పిల్ల ముక్కు కింద వేలు పెట్టి చూస్తాను. వచ్చింది పెద్దదే అయితే... చెల్లెల్ని కాపాడమని నన్ను పిలిచిందా? లేక ఉయ్యాల ఊపుతూ, ఊపుతూ, తోడుకు తీసుకుపోదామని వచ్చిందా? ఆ చూపును ఇంకొంచెంసేపు చూసి ఉంటే తెలిసేదేమో. హైపోలో వేసి ఉంటే సత్తెమ్మకు ఒక్క ఫోటో అయినా మిగిలేదేమో. కాని ఆ కాస్తసేపు ఆగి ఉంటే లలిత ఉండేది కాదు. నేను ఆగలేదు. తలుపు తీసేశాను.